తమ్ముడి మీద గెట్టు గొడవ కేసు అయింది, క్రిమినల్ వకీలును ఎట్లా ఎంచుకోవాలి? (నర్సంపేట వైపు)

మిరపచేను:

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. నేను హన్మకొండ నయీంనగర్‌లో మొబైల్ రిపేర్ షాపు నడుపుతాను. ఇన్నేళ్లలో కోర్టును చూసింది అదాలత్ దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచే, లోపలికి ఎన్నడూ పోలేదు.

మొన్న గురువారం పొద్దున చేను గెట్టు దగ్గర మా తమ్ముడికీ పక్క చేనువాళ్లకూ గొడవ అయింది. వాళ్లు జేసీబీ పెట్టి గెట్టు చదును చేయిస్తుంటే మావాడు అడ్డం పోయాడు, మాటా మాటా పెరిగింది, మావాడి చేతిలో పార ఉంది, పెనుగులాటలో ఆ పార కామ తగిలి అవతలాయన చేతికి దెబ్బ అయింది. మావాడికీ తల మీద నాలుగు కుట్లు పడ్డాయి, అవి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరే వేయించుకుని ఇంటికొచ్చి పడుకున్నాడు. అవతలివాళ్లు మాత్రం అదే సాయంత్రం ఠాణాకు పోయి ఫిర్యాదు ఇచ్చారు. ఎఫ్ఐఆర్‌లో తమ్ముడు ఏ1 (మొదటి నిందితుడు), మా నాయన ఏ2. నాయనకు 64 ఏళ్లు, గొడవ అయిన టైముకు ఆయన ఊళ్లోనే లేడు, మిర్చి బస్తాలు వేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు పోయాడు. అయినా పేరు రాయించారు.

సెక్షన్లు బీఎన్ఎస్ (కొత్త శిక్షాస్మృతి) 118(1), 115(2), 351(2), 3(5) అని ఉన్నాయి. నిన్న కానిస్టేబుల్ వచ్చి 35(3) నోటీసు ఇచ్చిపోయాడు, సోమవారం స్టేషన్‌కు రమ్మని.

ఇప్పటికి ముగ్గురు వకీళ్లను కలిశాం. ఒకాయన మా ఊరి లీడర్ చెప్పిన మనిషి, ఎఫ్ఐఆర్ కాగితం మడత కూడా విప్పకుండా "ఎస్సై మనోడే, టెన్షన్ పడకు, కేసు లేకుండా చేద్దాం, 50 వేలు పట్టుకురా" అన్నాడు. రెండో ఆయన హన్మకొండలో పేరున్న సీనియర్, ఆఫీసులో గంటన్నర కూర్చుంటే జూనియర్ వచ్చి వివరాలు రాసుకున్నాడు, సార్‌ను చూడనేలేదు, 80 వేలు అన్నారు. మూడో ఆయన మా బావమరిది క్లాస్‌మేట్, భూమి కేసులు, రిజిస్ట్రేషన్ కాగితాలు ఎక్కువ చూస్తాడు, 15 వేలకు చేస్తానన్నాడు. ఇంట్లో అమ్మ అన్నం తినడం మానేసింది. ఎవరిని పెట్టుకోవాలి, ఏం చూసి పెట్టుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కాజీపేట_డీజిల్‌షెడ్:

తమ్మీ, "ఎస్సై మనోడే" అన్న ముక్క చదవగానే నాకు నా కేసు మొత్తం కళ్ల ముందు తిరిగింది, అందుకే రాత్రి డ్యూటీ దిగి వచ్చి కూడా ఇది రాస్తున్నా. 2014లో ఒక కొట్లాట కేసులో నా పేరు ఇరికింది. నాకు కూడా అచ్చం ఇదే మాట చెప్పే వకీలు దొరికాడు, నేను కూడా నమ్మి పైసలు ఇచ్చాను. ఆరు నెలలకు ఎస్సై బదిలీ మీద పోయాడు. కేసు బదిలీ కాలేదు కదా, అది నాతోనే ఉంది, 2020 దాకా.

ఛార్జిషీటు పడ్డాక అసలు సినిమా మొదలైంది. వాయిదాకు ఫోన్ చేస్తే "నువ్వు రానక్కర్లేదు, నేను ఆబ్సెంట్ పిటిషన్ వేస్తా" అనేవాడు. నాకు లీవు మిగులుతుంది కదా అని నేనూ సంతోషపడ్డా. నాలుగు వాయిదాలు అట్లా గడిచాయి, తీరా చూస్తే రెండింటికి పిటిషనే వేయలేదు, నామీద ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంటు) లేచింది. ఆ సంగతి నాకు వకీలు చెప్పలేదు, వారెంటు పట్టుకుని పోలీసులు మా షెడ్ గేటు దగ్గరికి వచ్చి చెప్పారు. నాతో పనిచేసేవాళ్ల ముందు. ఆ రోజు కోర్టుకు ఉరికి, వేరే వకీలును బతిమాలి వారెంటు రీకాల్ చేయించుకునేసరికి సాయంత్రం నాలుగైంది.

ఆ రీకాల్ వేసిన ఆయనే తర్వాత నా కేసు మొత్తం చూశాడు. పాత వకీలు ఎన్‌ఓసీ (వేరే వకీలును పెట్టుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం) ఇయ్యడానికి బాకీ అని ఇంకో పది వేలు అడిగి ఫైలు ఆపుకున్నాడు. నాకు అప్పుడు తెలియదు, ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పిందట. తెలియక ఇచ్చేశా. చివరికి కేసు కొట్టేశారు, అది వేరే కథ.

అందుకని నేను చెప్పేది ఒకటే, ఆయన ఎవరిని ఎరుగుదునని చెప్తున్నాడో కాదు, నీ వాయిదా రోజు ఆయన బెంచి ముందు నిలబడతాడా లేదా అది కనుక్కో. ఇంకోటి, నీ ఫోన్లో ఈకోర్ట్స్ యాప్ వేసుకో. కేసు నంబరు పడ్డాక నీ వాయిదా ఎప్పుడో, పోయిన వాయిదాకు ఏం జరిగిందో అందులో నువ్వే చూసుకోవచ్చు. ఎఫ్ఐఆర్ నంబరుతో వెతకొచ్చు, వకీలు పేరుతో కూడా వెతకొచ్చు. ఈ లీడర్ మనిషి పేరు కొట్టి చూడు, నర్సంపేట కోర్టులో ఆయనకు క్రిమినల్ కేసులు ఎన్ని నడుస్తున్నాయో బయటపడుతుంది.

నల్లకోటు_ఎండాకాలం:

నేను వరంగల్ వైపు కోర్టుల్లోనే ప్రాక్టీసు చేస్తాను. పేరు, నంబరు అడగొద్దు, ఇట్లాంటి చోట కేసులు పట్టుకోవడానికి బార్ కౌన్సిల్ రూల్స్ ఒప్పుకోవు. మీ పోస్టు కింద ఎవరైనా వకీలు తనంతట తానే "నాకు ఫోన్ చెయ్యండి" అని రాస్తే కాస్త ఆలోచించండి.

ముందు సోమవారం సంగతి. 35(3) నోటీసు చూసి భయపడకండి. పాత చట్టంలో 41ఏ అనేవాళ్లం, 2024 జూలై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాక అదే బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 35(3) అయింది. ఇప్పుడు అరెస్టు అక్కర్లేదు, వచ్చి విచారణకు సహకరించు అని ఇచ్చే కాగితం అది. ఏడేళ్ల వరకు శిక్ష ఉండే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచి ఈ నోటీసుకు విలువ పెరిగింది. పిలిచినప్పుడల్లా పోతున్నంత కాలం అరెస్టు చేయకూడదు, చేయాలంటే కారణం రాసిపెట్టుకోవాలి. పోకపోతే మాత్రం అదే కారణం అవుతుంది. కాబట్టి పోండి, వకీలును తోడు తీసుకుపోండి, హాజరైనట్టు ఏదో ఒక కాగితం ఆధారం దగ్గర పెట్టుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. అసలు దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద ఎవరితోనూ సంతకం పెట్టించుకోకూడదని చట్టమే చెబుతోంది.

ఇప్పుడు మీ ప్రశ్న. మీరు ఒక్క మాటలో దాటేసిన విషయం ఒకటుంది, అవతలాయన చేతి దెబ్బ. ఆయన్ను ఎంజీఎంకు (వరంగల్ పెద్దాసుపత్రికి) తీసుకుపోయారా? ఎక్స్‌రే తీశారా? ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. ఇప్పుడున్న 118(1)కి మూడేళ్ల వరకే శిక్ష. వూండ్ సర్టిఫికెట్‌లో ఫ్రాక్చర్ అని రాస్తే, పార ప్రమాదకరమైన ఆయుధం కింద లెక్కకొస్తే, సెక్షన్ మార్చి 118(2) పెడతారు, దానికి పదేళ్లు, యావజ్జీవం దాకా ఉంది. అప్పుడు ఏడేళ్ల లోపు కేసు అన్న ధైర్యం పోతుంది. సెక్షన్ మారిన సంగతి పోలీసులు మీ ఇంటికొచ్చి చెప్పరు, కోర్టులో మెమో వేసేస్తారు.

అందుకని మీరు కలిసిన ముగ్గురిలో ఎక్స్‌రే సంగతి ఎవరు అడిగారు? మీ తమ్ముడి తల కుట్ల సంగతి ఎవరు అడిగారు? ఆర్ఎంపీ దగ్గర వేయించుకుంటే దానికి మెడికో లీగల్ రికార్డు ఉండదు, రేపు కోర్టులో ఆ నాలుగు కుట్లు లేనట్టే. ఇంకా కుట్లు విప్పించకపోతే ఈరోజే ప్రభుత్వాసుపత్రికి పోయి ఎంఎల్‌సీ (ఆ మెడికో లీగల్ రికార్డు) చేయించండి, ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు చెప్పండి, మీ వైపు ఫిర్యాదు కూడా ఇవ్వండి. మీ నాయన మార్కెట్‌లో ఉన్నాడన్నారు కదా, తక్‌పట్టీ (మార్కెట్‌లో సరుకు అమ్మినప్పుడు ఇచ్చే చీటీ) ఉందా? దాని మీద తేదీ ఉంటుంది. మార్కెట్ గేటు దగ్గర సీసీ కెమెరాలుంటే ఫుటేజీ భద్రపరచమని ఇప్పుడే లెటర్ పెట్టాలి, నెల దాటితే దొరుకుతుందన్న నమ్మకం లేదు. మొదటిసారి కలిసినప్పుడు ఇవన్నీ అడిగిన వకీలు మీకు పనికొస్తాడు. ఫీజు ఎంత అన్నది ఆ తర్వాత.

ఇంకొక్కటి. తమ్ముడు చెప్పేది "నన్ను కొడుతుంటే అడ్డుకున్నా" అని, నాయన చెప్పేది "నేను అక్కడ లేనే లేను" అని. ఇద్దరికీ ఒక్క వకీలే ఉండొచ్చు, మామూలుగా ఉంటారు కూడా, కానీ ఒకరి మాట ఇంకొకరికి అడ్డం వచ్చేలా ఉంటే వేరు వేరు వకీళ్లు మేలు. ఈ విషయం మీరు అడగకముందే ఆయనే చెప్పాలి.

ఊరి_పెద్దమనిషి:

ఇంత రామాయణం ఎందుకు. పల్లెటూరి గెట్టు పంచాయితి, రెండు కుటుంబాలు రేపు పీర్ల పండుగకూ బతుకమ్మకూ ఒకే వాడలో తిరగాల్సినవాళ్లు. నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఆయన ఆసుపత్రి ఖర్చు ఇచ్చి, రాజీ చేసుకో. లేదంటే సీదా హైదరాబాద్ పోయి హైకోర్టు వకీలును పెట్టు, ఒకే దెబ్బకు కేసు క్వాష్ (రద్దు) అవుతుంది. ఈ కింది కోర్టు వకీళ్ల చుట్టూ ఏళ్లకేళ్లు తిరగడం తప్ప ఏమీ లేదు.

నల్లకోటు_ఎండాకాలం:

రాజీ తప్పని నేననను, గెట్టు కేసుల్లో చాలావరకు చివరికి అక్కడికే వస్తాయి. కానీ అన్ని సెక్షన్లూ రాజీకి ఒప్పుకునేవి కావు. కొన్నింటికి ఇద్దరూ ఒప్పుకుంటే చాలు, కొన్నింటికి కోర్టు అనుమతి కావాలి, కొన్నింటికి హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయడమే దారి. పెద్దమనుషుల ముందు కాగితం రాసుకున్నంత మాత్రాన ఎఫ్ఐఆర్ పోదు. ఇంకా ముఖ్యమైంది, వకీలుకు చెప్పకుండా మీ తమ్ముడు సొంతంగా వాళ్లింటికి పోయి బతిమాలినా అది రేపు "సాక్షుల్ని బెదిరించాడు" అని కాగితం మీదికి ఎక్కుతుంది. మాట్లాడేది వేరే మనిషి అయి ఉండాలి.

హైకోర్టు సంగతికొస్తే, క్వాష్ అనేది అందరికీ వచ్చేది కాదు. దెబ్బ తగిలింది, సాక్షులున్నారు, డాక్టర్ సర్టిఫికెట్ వస్తుంది, ఇట్లాంటి కేసులో "ట్రయల్లో తేల్చుకోండి" అని వెనక్కి పంపడమే ఎక్కువ. మీ కేసు నడిచేది నర్సంపేట మెజిస్ట్రేట్ ముందు, సెక్షన్ పెరిగి ముందస్తు బెయిల్ కావాలంటే హన్మకొండలో సెషన్స్ కోర్టు ముందు. ఈ రెండు చోట్లా రోజూ కనిపించే మనిషి మీకు కావాలి.

రామప్ప_దారి:

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. మా ఆయన ఒక యాక్సిడెంట్ కేసులో రిమాండ్‌కు పోయినప్పుడు నా చేతిలో ఉన్నది 2,300 రూపాయలు. పుట్టింటివాళ్లు పుస్తెలతాడు తాకట్టు పెట్టి పెద్ద వకీలును పెట్టుకో అన్నారు. జైలుకు ములాఖత్‌కు పోయినప్పుడు మా ఆయనే చెప్పాడు, లోపలికి లీగల్ ఎయిడ్ వాళ్లు వచ్చి వివరాలు రాసుకుపోయారని. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలు ఇవ్వాలని చట్టంలోనే ఉందట, 1987 చట్టం. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు కూడా ఆదాయం చూడరు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. ఇప్పుడు డిఫెన్స్ కౌన్సెల్ అని జీతం మీద పనిచేసే వకీళ్లను పెట్టారు, వాళ్లు బయట ప్రైవేటు కేసులు చేయకూడదు. మాకు వచ్చిన అమ్మాయి చిన్న వయసు, చూడగానే నాకు నమ్మకం రాలేదు, అబద్ధం ఎందుకు. కానీ బెయిల్ పిటిషన్ మూడో రోజే వేసింది. షూరిటీల (జామీను ఉండేవాళ్ల) కాగితాలు ఏమేం కావాలో నాకు తెల్లకాగితం మీద రాసిచ్చింది. తర్వాత ట్రయల్లో ఇంకో వకీలు మారాడు, ఆయన అంత శ్రద్ధగా చూడలేదు, మళ్లీ ఆఫీసుకు పోయి చెప్పుకోవాల్సి వచ్చింది. ఉచితం కదా అని నోరు మూసుకుని కూర్చోకండి, అడిగే హక్కు ఉంది.

మీ దగ్గర పైసలు ఉన్నాయంటే మంచిదే. లేకపోతే మాత్రం చేను తాకట్టు పెట్టకముందు ఒకసారి ఆ గుమ్మం ఎక్కండి.

గుమాస్తా_కాక:

ముప్ఫై ఏళ్లు వకీళ్ల దగ్గర గుమాస్తాగా చేసి ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంట్లో కూర్చున్నా. అందరూ చదువుకున్న మాటలు చెప్పారు, నేను కాళ్లతో చేసే పని చెప్తా.

రేపు పొద్దున పదిన్నరకు నర్సంపేట కోర్టుకు పో. చొక్కా ఇన్‌షర్ట్ చేసుకో, ఫోన్ ఆఫ్ చెయ్యి, కోర్టు హాలులో వెనక బెంచీ మీద కూర్చో. ఎవ్వడూ ఏమనడు, కోర్టు అందరికీ తెరిచే ఉంటుంది. పొద్దున కాల్‌వర్క్ నడుస్తుంది, కేసు పిలవగానే ఎవరు లేచి నిలబడుతున్నారు, ఎవరి పేరు పిలిస్తే "సార్ ఆన్ ది వే" అని జూనియర్ గొణుగుతున్నాడు, చూడు. పదకొండున్నర, పన్నెండు తర్వాత సాక్షుల విచారణ మొదలవుతుంది, అది అసలు పరీక్ష. సాక్షి మీద అడ్డదిడ్డంగా అరిచేవాడు కొందరికి గొప్ప వకీలులాగ కనపడతాడు. అరుపులకు మోసపోకు. చేతిలో కాగితాలకు గుర్తులు పెట్టుకుని, చిన్న చిన్న ప్రశ్నలు వేసి, సాక్షితో ఒక్కో మాట ఒప్పిస్తూ పోయేవాళ్లను చూసి పెట్టుకో. అప్పుడు జడ్జిగారు రాయిస్తున్నది ఏందో విను. ఆ రాతే మిగిలేది.

మధ్యాహ్నం క్యాంటీన్ దగ్గర చాయ్ తాగుతూ ఇద్దరు గుమాస్తాల్ని అడుగు, "కొట్లాట కేసులు ఎవరు మంచిగ చూస్తారు" అని. వకీళ్లు ఒకరి గురించి ఒకరు చెప్పరు, గుమాస్తాలు చెప్తారు. మేం చూడనిది ఏముంది!

ఫీజు మొత్తం ఒక్కసారి ఇయ్యకు. స్టేషన్, బెయిల్ వరకు ఎంత, ఛార్జిషీటు పడ్డాక ట్రయల్‌కు ఎంత, జిరాక్సులు, స్టాంపులు అందులోనేనా బయటనా, అన్నీ ముందే అడుగు, ఇచ్చిన పైసలకు రసీదు, కనీసం ఫోన్‌పే రికార్డు పెట్టుకో. "కేసు కొట్టేయిస్తే ఇంత" అని ఫలితం మీద బేరం పెట్టేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చెయ్. అది వాళ్ల రూల్స్‌కే వ్యతిరేకం. "జడ్జికి ఇయ్యాలి, ఎస్సైకి ఇయ్యాలి" అని వేరే పైసలు అడిగితే ఇంకా తొందరగా లేచి వచ్చెయ్. వకాలత్ (మన తరఫున వాదించమని వకీలుకు రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టే ముందు చదువు, ఖాళీగా ఉన్న వకాలత్‌ల మీద నాలుగైదు సంతకాలు పెట్టించుకునే అలవాటు కొందరికి ఉంది, ఒక్కటి చాలు.

పెద్ద సీనియర్ దగ్గర 80 వేలు అన్నారు కదా, అందులో తప్పేం లేదు, కానీ ఒక్క ప్రశ్న అడుగు, సాక్షుల్ని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేసేది సారేనా జూనియరా అని. జూనియరే అయితే ఆ జూనియర్‌తోనే కూర్చుని మాట్లాడు, పనిమంతుడైతే ఇబ్బంది లేదు. పేరు ఒకరిది, పని ఒకరిది, పైసలు మాత్రం పేరుకు ఇవ్వడం వద్దు.

మిరపచేను:

అందరికీ దండాలు. ఎక్స్‌రే సంగతి చదవగానే గుండె జారిపోయింది. ముగ్గురికీ ఫోన్ చేశాను. లీడర్ మనిషి "అవన్నీ నేను చూసుకుంటా" అని పెట్టేశాడు. సీనియర్ ఆఫీసులో జూనియర్ "రాసుకున్నాం" అన్నాడు. నేను తక్కువగా చూసిన బావమరిది క్లాస్‌మేటే అసలు ప్రశ్న అడిగాడు, "ఎముక విరిగిందా అన్నా? విరిగితే ఇది నా చేతిలో పని కాదు, నేను సివిల్ వాణ్ని, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకుపోతా" అన్నాడు. 15 వేలు వదులుకుని ఆ మాట అన్నాడు, మనసులో ఆయనకు దండం పెట్టుకున్నా.

తమ్ముణ్ని ఈరోజే ఆసుపత్రికి తీసుకుపోయాం, ఎంఎల్‌సీ అయింది. తక్‌పట్టీ నాయన చొక్కా జేబులో ఉతకకుండా దొరికింది, అమ్మ దాన్ని దేవుడి పటం వెనక పెట్టింది. రేపు కాక చెప్పినట్టు కోర్టుకు పోతున్నా.

కాజీపేట_డీజిల్‌షెడ్:

పటం వెనక నుంచి తీసి ముందు రెండు జిరాక్సులు తీయించు తమ్మీ. అగరబత్తి పొగకు ఆ కాగితం పాడైపోవచ్చు.

మిరపచేను:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి ఏమనుకోవద్దు.

రెండు రోజులు వెనక బెంచీ మీద కూర్చున్నా. మొదటి రోజు ఏమీ అర్థం కాలేదు, ఫ్యాన్ చప్పుడు తప్ప. రెండో రోజు ఒక మేడమ్ ఒక డాక్టరును క్రాస్ చేయడం చూశాను. గొంతు పెంచలేదు. ఈ గాయం కింద పడినా కావచ్చా, ఎక్స్‌రే ఫిల్మ్ మీరు స్వయంగా చూశారా, సర్టిఫికెట్ ఎన్ని రోజుల తర్వాత రాశారు, ఇట్లా అడుగుతూ పోయింది. డాక్టరు ఒక్కొక్కదానికి అవుననో కాదనో అంటుంటే జడ్జిగారు రాయిస్తున్నారు. బయట ఇద్దరు గుమాస్తాలను అడిగితే ఒకరు ఆమె పేరే చెప్పారు, ఇంకొకరు వేరే పేరు చెప్పి, ఈ మేడమ్ కూడా మంచిదే కాని నవ్వదు అన్నాడు. క్లాస్‌మేటు వకీలు వెంట వచ్చి ఆ మేడమ్‌కు మమ్మల్ని పరిచయం చేశాడు.

నిజంగానే నవ్వలేదు. ఎఫ్ఐఆర్ రెండుసార్లు చదివింది. జేసీబీ డ్రైవర్ ఎవరు, ఏ ఊరు, అతను ఎవరివైపు మనిషి అని అడిగింది, మాకు అప్పటిదాకా ఆ డ్రైవర్ సాక్షి అవుతాడని తట్టనేలేదు. పార ఎక్కడుందని అడిగింది, తమ్ముడు దాచిపెట్టాడని చెప్తే కోప్పడింది, దాచొద్దు, పారెయ్యొద్దు, అడిగితే ఇచ్చెయ్యి అంది. శిక్ష పడదని నేను మాట ఇవ్వను, ఇచ్చేవాళ్లు కావాలంటే వేరే ఉన్నారు అని మొహం మీదే చెప్పింది. అమ్మకు ఆ మాటకు ఏడుపొచ్చింది. ఫీజు స్టేషన్, బెయిల్ వరకు 25 వేలు, ట్రయల్ సంగతి ఛార్జిషీటు చూశాక మాట్లాడదాం అంది.

సోమవారం తమ్ముణ్ని, నాయన్ను స్టేషన్‌కు తీసుకుపోయి హాజరు పెట్టించింది. అదే వారం సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిల్ వేసింది, సెక్షన్ మారకముందే ఎందుకని నేను అడిగితే, మారాక పరుగెత్తడం కన్నా మేలు కదా అంది. అన్నట్టే అయింది, చిటికెన వేలు ఎముక విరిగినట్టు సర్టిఫికెట్ వచ్చింది, 118(2) అని మెమో పడింది. మా పిటిషన్ అప్పటికే విచారణకు ఉంది. నిన్న ఇద్దరికీ బెయిల్ వచ్చింది. మావాడి ఫిర్యాదు మీద కూడా కౌంటర్ కేసు కట్టారు.

ఒక చిన్న డౌటు. ఒక్కొక్కరికి ఇద్దరు షూరిటీలు అని ఆర్డర్‌లో ఉంది. మా మేనమామ పాసుబుక్కు ఇస్తా అంటున్నాడు, కానీ ఆయన భూమి మీద బ్యాంకు లోను ఉంది, పనికొస్తుందా? ఏం తీసుకుపోవాలి?

గుమాస్తా_కాక:

ముందు ఆర్డర్‌లో షూరిటీలు ఎవరి ముందు ఇవ్వమన్నారో చూడు, ఠాణాలో ఎస్‌హెచ్‌ఓ (ఠాణా అధికారి) ముందా, మెజిస్ట్రేట్ ముందా, ఎన్ని రోజుల్లోపు అన్నారో కూడా చూడు. లోను ఉన్నదని దాచొద్దు, మీ మేడమ్‌కు చెప్పు, లోను లేని ఇంకో ఇద్దర్ని సిద్ధంగా పెట్టుకుంటే మంచిది. పాసుబుక్కు ఒరిజినల్, ఇంటి పన్ను రసీదు, ఆధార్, అన్నింటికీ రెండేసి జిరాక్సులు, ఫొటోలు నాలుగు. ఆమె ఇంకేమన్నా చెప్తే అది కూడా. ఇంతకు ముందు వేరేవాళ్లకు షూరిటీ పడి ఉన్నవాళ్లను తీసుకురాకు, అడిగితే దొరికిపోతారు.

మీ మామను పొద్దున కడుపునిండా తిని రమ్మను. పిలిచేసరికి మూడవుతుంది.